ఆ పూట నీటికి ఆ పూట తూకం

రిమోట్ పడవ చేతిలో కనబడితే చాలు, ఎవరైనా ముందు అడిగేది స్పీడెంత అని. డబ్బా మీద కూడా ఆ అంకెనే అన్నిటికంటే పెద్దగా అచ్చేస్తారు. చెరువు గట్టున కొన్నాళ్ళు తిరిగినవాడు మాత్రం ఆ ప్రశ్న మానేస్తాడు. నీళ్ళ మీద ఎలా కూర్చుంటోంది, ముక్కు ఎంత లేస్తోంది, మలుపులో ఎటు ఒరుగుతోంది అని చూస్తాడు. మోటారు అదే, బ్యాటరీ అదే, వెనక తిరిగే పంకా అదే. లోపల బ్యాటరీని రెండు వేళ్ళ వెడల్పు వెనక్కి జరిపితే, నిన్నటిదాకా నీళ్ళు దున్నుకుంటూ పోయిన పడవ ముక్కెత్తి జారిపోతుంది. ఆశకొద్దీ ఇంకాస్త జరిపితే కుప్పిగంతులు మొదలెడుతుంది. పైసా ఖర్చు లేదు. కాలేజీ రోజుల్లో ఎన్.సి.సి. నావికా విభాగంలో ఓడ నమూనాలు చేసినప్పుడు అంటుకున్న సరదా ఇది. పందేల మీద నాకెప్పుడూ మనసు పోలేదు గానీ, ఈ సర్దుబాటు పిచ్చి మాత్రం వదల్లేదు.

చిక్కంతా ఎక్కడంటే, ఆగి ఉన్న పడవా పరిగెత్తే పడవా ఒకటి కాదు. ఆగి ఉన్నప్పుడు దాన్ని మోసేది అది పక్కకు నెట్టిన నీరు. ఎంత నీటిని నెట్టిందో అంత బరువు తేలుతుంది. ఆర్కిమిడీస్ లెక్క, బడిలో అందరం చదివిందే. వేగం పెరిగేకొద్దీ ఆ లెక్క పక్కకు తప్పుకుంటుంది. ముందొక అల లేస్తుంది, ముక్కు పైకి చూస్తుంది, వెనక భాగం గుంటలోకి దిగబడుతుంది. ఆ ఘట్టంలో పడవ తాను లేపిన అలను తానే ఎక్కలేక ఆయాసపడుతుంది. శక్తి చాలితే ఎక్కేసి, ముక్కు దించి, నీటి మీద జారడం మొదలెడుతుంది. ఇక అప్పుడు దాన్ని మోస్తున్నది అడుగుకు తగిలి కిందికి మళ్ళే నీటి దెబ్బ. అడుగు మొత్తం తడవదు. వెనకవైపు కాస్త జాగా మాత్రమే నీటిని అంటుకుని ఉంటుంది, బరువంతా దాని మీదే నిలబడాలి. ఇంట్లో నీళ్ళతొట్టిలో ముచ్చటగా తేలిన పడవ చెరువులో తిక్క వేషాలు వేయడానికి కారణం ఇదే. తొట్టి చెప్పే సాక్ష్యం ఆగిన పడవ గురించే.

అడుగు ‘వి’ ఆకారంలో ఉండే మామూలు రేసు పడవకు బరువు కేంద్రాన్ని వెనక అంచు నుంచి పొడవులో దాదాపు 30 శాతం దగ్గర పెట్టి మొదలుపెట్టమంటారు. 60 సెంటీమీటర్ల పడవైతే 18 సెంటీమీటర్లన్నమాట. చెరోవైపు చూపుడువేలు పెట్టి పడవను ఎత్తి, ఎటూ మొగ్గకుండా నిలిచిన చోట పెన్సిలుతో గీత గీసుకోవడమే. మా నాన్న ధాన్యం బస్తాలు బండికెక్కించేటప్పుడు చేసిందీ ఇదే. ముందుబరువైతే కాడి ఎడ్ల మెడల మీద కూర్చుంటుంది. వెనకబరువైతే కాడి పైకి లేచి, మెడ కింది తాడు గొంతు నొక్కుతుంది. ఆయన కాడి కింద చెయ్యి పెట్టి ఓసారి ఎత్తి చూసి, ఒక బస్తాను జానెడు ముందుకు లాగించేవాడు. దారిలో పల్లం వస్తే తోలేవాడు వెనక్కి జరిగి కూర్చునేవాడు, ఎగువ వస్తే ముందుకు జరిగేవాడు. మిగతా తూకం అతని ఒళ్ళే చూసుకునేది.

నా పడవలో ఆ తోలేవాడు లేడు. తెరచాప పడవలో మనిషి గాలివాటుకు అంచు మీదికెక్కి వెనక్కి వాలతాడు. మోటారు పడవలో మనిషి అల చూసి వేగం తగ్గిస్తాడు, ఇంజను వంపు మారుస్తాడు. రిమోట్ పడవను నేను గట్టు మీద నిలబడి తోలుతాను, నా దగ్గరున్నది రెండు కంట్రోళ్ళు: వేగం, చుక్కాని. లోపలి బరువులూ, వెనక మరలూ, రేకులూ ఒడ్డున బిగించినవి బిగించినట్టే ఉంటాయి. కాబట్టి నేను చేసే ప్రతి సర్దుబాటూ, ఇంకా చూడని నీటి గురించి ముందే వేసుకున్న ఒక ఊహ.

ఊహకు ముందు చూసుకోవాల్సిన నిజాలు కొన్నున్నాయి. పడవను బోర్లించి, అడుగున వెనక భాగానికి స్టీలు స్కేలు అంచును ఆనించి, కిటికీ వెలుతురుకేసి పట్టుకుని చూడాలి. స్కేలుకూ అడుగుకూ మధ్య వెలుతురు గీత ఎక్కడా కనబడకూడదు. అంచుకు నాలుగు వేళ్ళ దూరంలో సన్నటి వెలుతురు కనబడి, చివర మళ్ళీ మూసుకుపోయిందంటే అడుగు లోపలికి గుంట పడిందని అర్థం. ఆ గుంట చివరి అంచు నీటిని కిందికి కొడుతుంది, వెనక భాగం లేస్తుంది, ముక్కు నీళ్ళలోకి దిగుతుంది. అదే స్కేలు మధ్యలో ఆని, చివర వెలుతురు కనబడితే అడుగు బయటికి ఉబ్బింది. అలాంటి పడవ వేగమందుకోగానే ముక్కు ఎత్తడం, దించడం, మళ్ళీ ఎత్తడం. బ్యాటరీని ఎంత అటూ ఇటూ జరిపినా ఆ జబ్బు పూర్తిగా పోదు. అర మిల్లీమీటరు ఉబ్బు అంటే చేతికి తెలియదు, నీటికి తెలుస్తుంది. వెనక అంచు కూడా పదునుగా ఉండాలి. అందంగా ఉంటుందని గుండ్రంగా సానబెడితే, నీరు అక్కడ తెగి విడిపోకుండా ఒంపు వెంట పైకి పాకి పడవను వెనక్కి గుంజుతుంది. ఎపాక్సీ పూసి, ఎండాక బల్లపరుపు చెక్కకు గరుకు కాగితం చుట్టి, అంచు గోటికి తగిలేదాకా రుద్దడం నాకు ఇష్టమైన పని. ఈ పనిలో మోటారు చప్పుడు లేదు, చూసి మెచ్చుకునేవాళ్ళూ ఉండరు.

పంకా ఇరుసును పట్టుకునే లోహపు కాలికి వంపు మార్చే వీలుంటుంది. ముందు అడుగుకు సమాంతరంగా పెడతాం. ఇరుసు వెనక కొస కాస్త కిందికి చూస్తే పడవ వెనక భాగం లేస్తుంది, ముక్కు దిగుతుంది. పైకి చూస్తే ముక్కు లేస్తుంది. వెనక అంచున రెండు పక్కలా ఉండే చిన్న రేకులు కిందికి వంచినా వెనక భాగమే లేస్తుంది. పంకా ఒకవైపు తిరుగుతుంటే పడవ రెండోవైపు ఒరగాలని చూస్తుంది గనక, ఒరిగే పక్కనున్న రేకును రవ్వంత ఎక్కువ వంచుతాం. ఇవన్నీ ఒకదాని పని ఒకటి చెడగొట్టేవే. ఒక మరకు పావు చుట్టు వేసి, నీళ్ళలో చూసి, ఆ తర్వాతే రెండోదాని జోలికి పోవాలని పుస్తకాలు చెబుతాయి. ఆ ఓపిక ఉన్నవాణ్ణి నేనింకా చూడలేదు.

ఒడ్డుకొచ్చిన పడవ కొన్ని సంగతులు తానే చెబుతుంది. మూత తీసి మోటారు మీదా, స్పీడు కంట్రోలరు మీదా వేలు పెట్టాలి. వేలు ఆననివ్వకపోతే, గుర్రపుడెక్క వేరు ఏదీ పంకాకి చుట్టుకోలేదని చూసుకున్నాక, పడవ అవసరానికి మించి తడుస్తోందని అనుమానించాలి. ముక్కు బరువై అడుగంతా నీటికి అంటుకుంటే ఆ రాపిడికి బదులిచ్చేది బ్యాటరీయే. చప్పుడు కూడా వినాలి. పంకా నీటిలో నిండుగా పనిచేస్తుంటే ఒకటే గొంతు. ముక్కు ఎగిరిపడుతుంటే, పంకా గాల్లోకి లేచినప్పుడల్లా ఆ గొంతు కీచుమంటుంది. దూరాన పడవ కనబడకపోయినా ఆ కీచు వినబడితే బ్యాటరీ ముందుకు జరపాలని తెలిసిపోతుంది.

ఇంత చేసి, తెల్లవారుజామున ఆరింటికి మా ఊరి చెరువులో వదిలితే పడవ మాట వింటుంది. గాలి లేదు, నీటి మీద ముడత లేదు. ముక్కు నీటికి కాస్త పైన స్థిరంగా నిలిచి, వెనక తెల్లటి తోక చిమ్ముతూ పోతుంది. ఎనిమిది దాటాక గేదెలు దిగుతాయి, తూర్పు నుంచి గాలి మొదలవుతుంది, చిన్న చిన్న అలలు. మర ఒక్కటీ కదల్లేదు. అయినా అదే పడవ మొదటి అలకు ముక్కెత్తి, రెండో అలకు అడుగంతా గాలికి చూపించి, మూడోదానికి వెల్లకిలా పడుతుంది. ఇందులో పడవ తప్పు లేదు. ఉదయం నీటికి కుదిరిన తూకం అది. ఉత్తమమైన సర్దుబాటు ఒకటుంటుందని, ఓపిగ్గా వెతికితే దొరుకుతుందని, దొరికాక జిగురేసి బిగించేయవచ్చని అనుకునేవాళ్ళతో నాకు పేచీ అక్కడే. నీరు మారితే ఏ సర్దుబాటైనా పాతబడుతుంది.

పెద్ద పడవల కథా ఇంతే, కాకపోతే అక్కడ ప్రాణాలు పోతాయి. డొనాల్డ్ కాంబెల్ తన జెట్ పడవ బ్లూబర్డ్ కె7ను 1966 చివర్లో ఇంగ్లండులోని కానిస్టన్ సరస్సుకు తెచ్చినప్పుడు, కొత్త ఇంజనుతో అది మొదట సరిగా నడవనే లేదు. బరువుల అమరిక మార్చాకే వేగం అందుకోవడం మొదలెట్టింది. 1967 జనవరి 4న ఒక వైపు పరుగు సగటు గంటకు 479 కిలోమీటర్లు వచ్చింది. నీటి మీద వేగం రికార్డుకు రెండు వైపులా పరిగెత్తాలి. ఆయన ఇంధనం నింపుకోవడానికి ఆగకుండా వెంటనే వెనక్కి తిరిగాడు. ఆ రెండో పరుగులో పడవ ముక్కెత్తింది, గాలి అడుగున దూరింది, వెనక్కి తిరగబడి సరస్సులో పడింది. కాంబెల్ చనిపోయాడు. మొదటి పరుగు రేపిన అలలే కొంప ముంచాయని కొందరు, ఇంజను మొరాయించిందని కొందరు, ఆ వాదన ఇంకా నడుస్తూనే ఉంది. నా బొమ్మ పడవ అదే తీరున వెల్లకిలా పడినప్పుడు నేను పంచె ఎగ్గట్టి నీళ్ళలోకి దిగుతాను. అంతటితో సరి. ఆ తేడాకు మొక్కుకోవాలి. 1978 అక్టోబరు 8న ఆస్ట్రేలియాలో బ్లవరింగ్ ఆనకట్ట నీళ్ళలో కెన్ వార్బీ గంటకు 511 కిలోమీటర్లు అందుకుని బతికి బయటపడ్డాడు. ఇంటి పెరట్లో కట్టుకున్న పడవతో ఆయన నెలకొల్పిన ఆ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

నెమ్మదిగా నడిచే ఓడ నమూనాల బాధ ఇంకో రకం. 1948 మార్చి 14న నెహ్రూ విశాఖపట్నంలో నీళ్ళలోకి వదిలిన సింధియా కంపెనీ ఓడ ‘జల ఉష’ను ఫొటోలు చూసి చెక్కతో చేసుకున్నాను. నీళ్ళతొట్టిలో పెడితే బెండులా తేలింది, నీటి కింద ఉండాల్సిన ఎర్ర రంగు అంతా పైనే. ఓడను నూరోవంతు చేస్తే పొడవు నూరోవంతవుతుంది గానీ బరువు పది లక్షలో వంతవుతుంది. పదివేల టన్నుల ఓడ నమూనా 10 కిలోలుండాలి. చెక్కా రంగూ మోటారూ కలిపినా అందులో సగం రాదు. అందుకని విసురు వలలకు కట్టే సీసపు గుళ్ళు కొనుక్కొచ్చి, చిన్న గుడ్డ సంచుల్లో పోసి, అడుగున వరసగా సర్దాను. ఎర్ర రంగు అంచు నీటితో కలిసే చోట చూపు ఆనించి చూస్తే నీరు చెక్క వెంబడి కొంచెం పైకి పాకి కనబడుతుంది. ఆ పాకిన నీటినే మట్టమనుకుంటే లెక్క తప్పుతుంది, కాస్త దూరంగా ఉన్న నీటి ఉపరితలంతో పోల్చుకోవాలి. సంచీ ఎడమకు అంగుళం జరిగినా ఓడ ఒక భుజం వంచుతుంది.

సీసం పోసినా ఓడ ఓడలా ఊగదు. నిజం ఓడ పన్నెండు సెకన్లకోసారి హుందాగా ఒరిగితే, నూరోవంతు నమూనా సెకనూ చిల్లరలో ఒరిగి లేస్తుంది. ఊపుకు పట్టే కాలం పొడవు వర్గమూలాన్ని బట్టి తగ్గుతుంది మరి. వేగానిదీ అదే వరస. 20 నాట్ల ఓడ లేపే అలల తీరు నమూనా దగ్గర కనబడాలంటే దాన్ని 2 నాట్లతో, అంటే సెకనుకు మీటరు చొప్పున నడపాలి. అంతకు మించితే ఓడ బొమ్మైపోతుంది. ఈ లెక్క తేల్చింది విలియం ఫ్రూడ్ అనే ఆంగ్లేయ ఇంజనీరు. ఆయన మొదట ‘స్వాన్’, ‘రేవెన్’ అని రెండు రూపాల్లో, ఒక్కోటి మూడు పరిమాణాల్లో నమూనాలు చేసి డార్ట్ నది మీద లాగించాడు. ఒకదాని కొనలు మొద్దు, రెండోదానివి వాడి. ఒక వేగం దాకా ఒకటి సులువుగా కదిలింది, ఆ పైన రెండోది. ఏది మంచి రూపం అంటే, ఏ వేగానికి అని ఎదురడగక తప్పదని తేలింది. తర్వాత నౌకాదళం సొమ్ముతో టార్కీలో తన ఇంటి దగ్గరే పొడవాటి నీటి కాలువ కట్టించి, 1872 నుంచి మైనంతో చేసిన నమూనాలను లాగి పరీక్షలు చేశాడు. ఆ వంశానికి చెందిన కాలువ మన విశాఖలోనూ ఉంది. నేవల్ సైన్స్ అండ్ టెక్నలాజికల్ ల్యాబొరేటరీలో 500 మీటర్ల పొడవున్నది. అలలు పుట్టించి నమూనాలను వాటి మీద ఆడించి చూసే కొలను కూడా అక్కడ వేరే ఉంది. నిండుకుండలాంటి నీటి మీద వచ్చిన ఫలితం ఒక్కటే చాలదని, కోట్లు పోసి అలలు తయారు చేసుకుంటున్నారన్నమాట. మా చెరువులో ఆ పని గేదెలు ఉచితంగా చేసిపెడతాయి.

సరుకు ఓడ పక్కన రంగుతో గీసిన మెట్లలాంటి గీతలు హార్బరులో చూసే ఉంటారు. శామ్యూల్ ప్లింసోల్ అనే బ్రిటిష్ ఎం.పి. పోరాటంతో 1876లో చట్టానికెక్కిన గుర్తుకు వారసులు అవి. తమాషా ఏమిటంటే, ఆ గుర్తు వేయాలని చట్టం చెప్పింది గానీ ఎక్కడ వేయాలన్నది చాలా ఏళ్ళు ఓడ యజమాని ఇష్టానికే వదిలేసింది. దొంగ చేతికి తాళాలిచ్చిన సామెతన్నమాట. నేనెక్కువ ఆశ్చర్యపోయేది గీతల సంఖ్యకు. ఒకే ఓడకు ఉష్ణమండలపు మంచినీటికో గీత, మామూలు మంచినీటికో గీత, ఉష్ణమండల సముద్రానికి, వేసవికి, శీతాకాలానికి, ఉత్తర అట్లాంటిక్ శీతాకాలానికి తలా ఒకటి. ఈ ఓడ ఎంత మునగాలి అన్నదానికి జవాబు ఒక్క అంకెలో లేదని చట్టమే ఒప్పుకుంది.

నా రేసు పడవ లోపల బ్యాటరీ పళ్ళెం మీద అలాంటివే మూడు గీతలు పెట్టుకున్నాను. వెనకది ముడతలేని నీటికి, మధ్యది చిరుగాలికి, ముందుది చెరువు కెరటం కట్టిన రోజుకి. చెప్పొద్దూ, నేను ఎక్కువగా వాడేది ముందు గీతే. ముక్కు బరువుగా, కాస్త తడుస్తూ, వేగం కొంత పోయినా చెప్పిన చోట తిరిగే పడవ నాకు నచ్చుతుంది. మా మేనల్లుడికి అది ఎద్దు నడక. వాడు ఎప్పుడూ వెనక గీత దాటించి పెడతాడు. మూడు పరుగుల్లో ఒకసారి తిరగబడినా సరే, మిగతా రెండూ చూడాలి అంటాడు. చూశాను. పడవ పంకా దగ్గరా, తోక అంచు దగ్గరా తప్ప ఇంకెక్కడా నీటిని తాకనట్టే పోతుంటే, నా పడవ నాకే కాస్త ముసలిదిగా కనబడింది.

మొన్న సెలవులకొచ్చినప్పుడు వాడు కొత్త ప్లాను తెచ్చాడు. వెనక రేకులకు ఒక చిన్న సర్వో మోటారు తగిలించి, రిమోట్‌లో ఖాళీగా ఉన్న మూడో ఛానలుకి కలుపుతాడట. పడవ నీళ్ళలో ఉండగానే, ఒడ్డు నుంచి బొటనవేలితో రేకులు దించవచ్చు, ఎత్తవచ్చు. అల వస్తే ముక్కు దించు, అల పోతే ఎత్తు. “నీ గీతలతో ఇంక పనేముంది మావయ్యా?” అన్నాడు. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. పడవలో లేని తోలేవాణ్ణి వాడు ఎక్కించేస్తున్నాడు. వంద అడుగుల దూరంలో మూరెడు పడవ ముందు లేచే బెత్తెడు అలను కంటితో చూసి, బొటనవేలు కదిపేలోపు పడవ దాన్ని దాటి ఉంటుందని నా అనుమానం. ఆ సంగతి వాడికి చెప్పలేదు, చెరువే చెబుతుందిలే.

సాయంత్రం దాకా కూర్చుని సర్వో బిగించాడు. నీరు దూరకుండా రబ్బరు తొడుగు, గ్రీజు, ఇత్తడి కడ్డీ, దాన్ని పట్టుకునే బిళ్ళ, అన్నీ వెనక అంచు మీదే. బిగించాక నేను పడవను తీసుకుని రెండు చూపుడువేళ్ళ మీద ఎత్తాను. తోక కిందికి వాలింది.

“బ్యాటరీ ముందుకు జరుపు,” అన్నాను.

“ఎంత?”

“రేపు గాలెలా ఉంటుందో చూసి చెబుతాను.”